సిస్టమ్‌లో చూపిస్తోంది సార్

జగ్గయ్యపేట, నందిగామ వైపు అప్పంటే ఆషామాషీ వ్యవహారం కాదు. దానికో మర్యాద ఉంది. పత్తికి పెట్టుబడి కావాలన్నా, మిరపతోటకు పురుగుమందులు కావాలన్నా ప్రామిసరీ నోటు రాయాలి. రెవెన్యూ స్టాంపు అంటించాలి, దానిమీద సంతకం పడాలి, కింద సాక్షులుండాలి, నోటు రాసినవాడి పేరుండాలి. నూటికి రెండు రూపాయల వడ్డీ గుంజేవాడు కూడా ‘ఇది ఏనాటి బాకీరా నాయనా’ అంటే బీరువా తెరిచి కాగితం చూపిస్తాడు. మూడేళ్లు దాటితే నోటుకు కాలదోషం పడుతుందని, ఈలోపు దాని వెనకాల ఓ వంద చెల్లు రాయించుకుంటే మళ్లీ ప్రాణం లేచొస్తుందని బడిమొహం చూడని రైతుకూ తెలుసు.

ఇప్పుడో కొత్త జాతి అప్పు పుట్టింది. దీనికి నోటు లేదు, సాక్షి లేడు, తీసుకున్నవాడికి తీసుకున్నట్టే తెలియదు. పైగా ఇది కనెక్షన్ ఉన్నన్నాళ్లూ కిక్కురుమనదు. తీసేశాక పుడుతుంది.

నందిగామలో మా ఎదురింటి మాస్టారు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కరోనా రోజుల్లో మనవరాలి ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇంటికి ఇంటర్నెట్ పెట్టించారు. పెట్టించడానికి ఒక్క ఫోన్ చాలింది, సాయంత్రానికల్లా కుర్రాడు నిచ్చెనతో సహా వాలాడు. పిల్ల చదువుకు హైదరాబాద్ వెళ్లిపోయాక మాన్పించబోతే మాత్రం ఎందుకు మానుతున్నారో ఊరూపేరూ తెలియని పదిమందికి చెప్పుకోవలసి వచ్చింది. పెళ్లిచూపులకెళ్లి పిల్ల వద్దన్నవాడు కూడా అంత సంజాయిషీ ఇచ్చుకోడు. చివరికి కుర్రాడొచ్చి బాక్సు ఊడబీక్కుపోయాడు. రసీదేదంటే ‘యాప్‌లో వచ్చేస్తది సార్’ అన్నాడు. యాప్ తెరిస్తే, మీరు మా కస్టమరు కాదు పొమ్మంది.

రావడానికి రాజమార్గం, పోవడానికి తుమ్మకంప. ఇలాంటి మాయోపాయాలను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు 30న పదమూడుగా లెక్కగట్టి నిషేధించింది. సబ్‌స్క్రిప్షన్‌లోంచి బయటపడకుండా చేసే ఉచ్చు కూడా అందులో ఉంది. ఉచ్చులు పన్నేవాళ్లు గెజిట్ చదువుతారా లేదా అన్నది వేరే సంగతి.

ఏడాది తిరిగాక మాస్టారికి ఫోనొచ్చింది.

“సార్, మీ పేరుమీద 1,178 రూపాయల 82 పైసలు పెండింగ్ ఉంది.”

“దేనికమ్మా?”

“అవుట్‌స్టాండింగ్ సార్.”

“అదే, ఆ అవుట్‌స్టాండింగ్ దేనికి?”

“పెండింగ్ ఉంది కదా సార్, అందుకు.”

“కనెక్షన్ తీసేసి ఏడాదైందమ్మా.”

“సిస్టమ్‌లో చూపిస్తోంది సార్.”

ఆ సిస్టమ్ ఎక్కడుందో ఆ పిల్లకూ తెలియదు పాపం. అది చూపిస్తుంది, ఈమె చదువుతుంది, మనం కట్టాలి. కంపెనీ దగ్గర ఉండిపోయిన మాస్టారి డిపాజిట్‌ను మాత్రం ఆ సిస్టమ్ చూపించడం లేదట. కనెక్షన్ మూశాక గడువులోగా డిపాజిట్ వెనక్కివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పి ఏళ్లయింది. కంపెనీకి రావలసిన వైపు సిస్టమ్ చూపు చురుకే. ఇవ్వవలసిన వైపే శుక్లాలు.

లెక్కల మాస్టారికి జవాబు చెప్పి ప్రశ్న చెప్పకపోతే నిద్రపడుతుందా? కాగితం కలం తీసి వెనక్కి లెక్కగట్టారు. 1,178.82లోంచి 18 శాతం జీఎస్టీ తీసేస్తే సరిగ్గా 999 తేలింది. అంటే ఒక నెల ప్లాను. అయితే మాస్టారు వాడింది 599 ప్లాను. వాడని నెలకు, వాడని ప్లానుకు, లేని కనెక్షన్‌కు బిల్లు, ఆ శూన్యం మీద పన్ను! ఈ లెక్కంతా చెబితే, ఆ అమ్మాయి శ్రద్ధగా విని, “అయితే సార్, ఎప్పుడు కడతారు?” అంది.

తర్వాత ఇంకో గొంతు. ఇది కాస్త దయగలది. “సగం కట్టేయండి సార్, సెటిల్ చేసేస్తాం.” ఇక్కడే చాలామంది పడిపోతారు. పోనీలే పీడా విరగడవుతుందనుకుంటారు. సిబిల్ నివేదికలో ‘సెటిల్డ్’ అంటే గౌరవం కాదు, బాకీ పూర్తిగా కట్టలేక బేరమాడుకున్నాడని అర్థం. బ్రాడ్‌బ్యాండుకూ ల్యాండ్‌లైనుకూ కూడా ఆ నివేదికలో గళ్లున్నాయి. రేపు బ్యాంకుకు ఇంటి లోనుకెళితే ఆ గడి చూసి మేనేజరు కళ్లజోడు సర్దుకుంటాడు. పాత వడ్డీవ్యాపారి నోటు వెనక చెల్లు రాయించుకుంటే, వీళ్లు నోటే లేకుండా చెల్లు రాయించుకుంటారు.

మాస్టారు కట్టలేదు. అప్పుడొచ్చింది నోటీసు, లోక్ అదాలత్‌కు రమ్మని. కోర్టు పేరు కనబడగానే ఇంట్లో ఆడవాళ్లు పెనుగంచిప్రోలు తిరుపతమ్మకు మొక్కుకున్నారు. నిజానికి అంత భయం అక్కర్లేదు. లోక్ అదాలత్‌లో రెండువైపులా ఒప్పుకుంటేనే రాజీ. ఒప్పుకోకపోతే బలవంతం లేదు. అయితే ఒకసారి సంతకం పెట్టామా, దానిమీద అప్పీలు కూడా ఉండదు. భయపడి వెళ్లి సంతకం పెట్టివచ్చేవాళ్ల మీదే ఈ వ్యాపారం నడుస్తోంది. ఇంతా చేసి నోటీసు మీద ‘నందిగామ, కృష్ణా జిల్లా’ అనుంది. మేం ఎన్టీఆర్ జిల్లాలో పడి, 2022 ఏప్రిల్ 4 నుంచి లెక్కేసుకోండి, ఎన్నాళ్లయిందో. ప్రభుత్వం జిల్లానే మార్చగలిగింది గానీ సిస్టమ్‌ను మార్చలేకపోయింది.

మేం చిన్నవాళ్లం. రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టుకు అటూఇటూ ఉన్న ప్రభుత్వాల సంగతి చూడండి. విడిపోయాక మూడేళ్లు కరెంటిచ్చామని ఆంధ్రప్రదేశ్ బాకీ అడిగింది. అసలూ సర్‌ఛార్జీ కలిపి 6,756.92 కోట్లు ముప్పై రోజుల్లో కట్టమని కేంద్రం 2022 ఆగస్టులో తెలంగాణకు చెప్పింది. మీరే మాకు అంతకన్నా ఎక్కువ బాకీ అని తెలంగాణ ఎదురులెక్క తీసి, కోర్టుకెక్కి, 2023లో ఆ ఉత్తర్వు కొట్టేయించుకుంది. ఏ రికవరీ ఏజెంటూ పొద్దున్నే ఫోన్ చేసి “సార్, తెలంగాణేనా మాట్లాడేది?” అనలేదు.

మామూలు మనిషి కోర్టుకెక్కడానికి చాన్నాళ్లు దారే లేదు. ఫోను బిల్లు తగాదాకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో మధ్యవర్తిత్వం ఉంది గనుక వినియోగదారుల ఫోరానికి రావద్దని సుప్రీంకోర్టు 2009లో అంది. టెలిగ్రామే 2013లో కాలం చేసింది. దాని చట్టం మాత్రం గుమ్మంలో కర్రపట్టుకు నిలబడే ఉండిపోయింది. నెలకు సగటున 555 రూపాయలొచ్చే బిల్లు ఒక్కసారిగా 24,609 రూపాయల 51 పైసలైందేమిటని అడిగిన అహ్మదాబాద్ వినియోగదారుడి కేసులో, 2022 ఫిబ్రవరిలో గానీ కోర్టు ఆ కర్ర పక్కన పెట్టించలేదు. ఇప్పుడు విజయవాడ కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు ఫీజు కూడా లేదు.

మాస్టారు అంతదాకా పోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. అందులో అడిగింది ఒక్కటే: ఈ బాకీ ఏ నెలది, ఏ ప్లానుది, రాసివ్వండి. అంతవరకూ రోజూ మోగిన ఫోను మూగబోయింది. కొన్నాళ్లకు మూడో గొంతు, ఈసారి పండితభాష. “మీరు మా గౌరవనీయులైన పూర్వ వినియోగదారులు గనుక ఆ మొత్తాన్ని గుడ్‌విల్ కింద మాఫీ చేశామండీ.”

ఇంకొకరైతే స్వీట్లు పంచేవారు. మాస్టారు ఒప్పుకోలేదు.

“మాఫీ అంటే అప్పుందని నేను ఒప్పుకున్నట్టేగా అమ్మా. నాకు మాఫీ వద్దు. ఆ 999 ఎక్కడిదో చెప్పండి, కట్టేస్తాను.”

“సార్, ఇప్పుడు సిస్టమ్‌లో చూపించడం లేదు.”