ఒక ప్రాక్సీ ఫైలు ఆత్మకథ

ప్రాక్సీ ఫైలు అంటే కెమెరా తీసిన అసలు ఫుటేజీకి ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలు. ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది అలాంటి నకలే. సొంత బొమ్మ లేని దానికి ‘నేను’ అనే మాట నప్పదు కాబట్టి, తన సంగతి కూడా అది ‘ఈ ఫైలు’ అనే చెప్పుకుంటుంది. పుట్టింది హనుమకొండలోని ఒక ఎడిటింగ్ గదిలో, రామప్ప గుడి మీద తయారవుతున్న ఒక డాక్యుమెంటరీ కోసం.

దీని అసలు పాలంపేటలోని ఆ గుడి దగ్గర తీసిన షాటు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. గుడి గోడలది ఎర్రని ఇసుకరాయి. చూరు కింది మదనికలనే స్త్రీ శిల్పాలది నునుపు తేలిన నల్లని డోలరైట్ రాయి. ఎండలోని ఎర్రరాయి, నీడలోని నల్లరాయి ఒకే ఫ్రేములో పడితే ఏ కెమెరాకైనా పరీక్షే. అందుకే షాటును లాగ్ పద్ధతిలో తీశారు. లాగ్‌లో తీసిన బొమ్మ చూడటానికి వెలిసిపోయినట్టు ఉంటుంది. కానీ బాగా వెలుగున్న చోటా, బాగా చీకటిగా ఉన్న చోటా వివరాలు పోకుండా లోపల నిలిచి ఉంటాయి. 3840×2160 పిక్సెళ్లు, సెకనుకు 24 ఫ్రేములు, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ ఫార్మాట్: నలభై సెకన్ల ఆ షాటు మూడున్నర జీబీ తూగింది.

నకలు అవసరం ఈ బరువు దగ్గరే మొదలవుతుంది. ఆ అసలు సెకనుకు 707 మెగాబిట్లు, అంటే దాదాపు 88 మెగాబైట్లు లాగుతుంది. జేబులో పట్టే మామూలు హార్డ్ డిస్క్ ఇవ్వగలిగింది నూరు మెగాబైట్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఒక కెమెరా బొమ్మ ఎలాగో నడుస్తుంది. రెండు కెమెరాల బొమ్మలు పక్కపక్కన పెడితే ఆగి ఆగి నడుస్తాయి. డ్రోన్లు తీసే హెచ్.265 ఫైళ్లది వేరే చిక్కు. అవి సైజులో చిన్నవే అయినా ప్రాసెసర్‌కు బరువు. వాటిలో కొన్ని ఫ్రేములే పూర్తిగా ఉంటాయి, మిగతావాటిలో ఇరుగుపొరుగు ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే రాసి ఉంటుంది. మధ్యలో ఒక ఫ్రేము చూపమంటే చుట్టుపక్కలవి విప్పితే గానీ అది బయటపడదు. ఎడిటరేమో రోజంతా అడిగేది అదే.

ఈ ఫైలుకు ఆ రెండు బరువులూ లేవు. 1920×1080 పిక్సెళ్లు, ప్రోరెస్ 422 ప్రాక్సీ, సెకనుకు 36 మెగాబిట్లు. పిక్సెళ్లు అసలులో నాలుగో వంతు, బరువు ఇరవయ్యో వంతు. ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది. మూడున్నర జీబీ షాటు 180 ఎంబీకి దిగింది. పది గంటల అసలు ఫుటేజీ మూడు టెరాబైట్లు దాటితే, దాని ప్రాక్సీలు 162 జీబీలో సర్దుకుంటాయి. హైదరాబాదులో ఉన్న ఎడిటర్‌కు ఆ చిన్న డిస్కు ఒక్కటి పంపితే చాలు. అసళ్లు హనుమకొండ దాటనక్కర్లేదు.

పుట్టుక మాత్రం చాలా మామూలుది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌లో క్లిప్పు మీద రైట్ క్లిక్ కొట్టి ‘జనరేట్ ప్రాక్సీ మీడియా’ ఎంచుకుంటే పని మొదలవుతుంది. ప్రీమియర్ ప్రోలో 2016 నుంచే ఈ ఏర్పాటు ఉంది. బొమ్మ ఎంత చిన్నదైనా ఫర్వాలేదు గానీ అసలు నుంచి కొన్ని లక్షణాలు తు.చ. తప్పకుండా రావాలి: పేరు, ప్రతి ఫ్రేముకూ గుర్తుగా ఉండే టైమ్‌కోడ్, ఫ్రేమ్ రేటు, నిడివి, ఆడియో చానళ్ల సంఖ్య. 24 ఫ్రేముల అసలుకు పొరపాటున 23.976 ఫ్రేముల నకలు తీస్తే నలభై సెకన్లలోనే ఒక ఫ్రేము తేడా వస్తుంది. గంటకు అది మూడున్నర సెకన్లు దాటుతుంది. పేరొక్కటే నమ్ముకోవడం కూడా ప్రమాదమే. కార్డు ఫార్మాట్ చేశాక కొన్ని కెమెరాలు నంబర్లు మళ్లీ మొదటి నుంచి వేస్తాయి. రెండు వేర్వేరు షాట్లకు ఒకే పేరు వచ్చేస్తుంది. అప్పుడు దేని నకలు ఏదో తేల్చేవి కార్డుకు ఇచ్చిన రీలు పేరూ టైమ్‌కోడే.

ఈ వంశానికి పూర్వీకులున్నారు. ఫిల్మ్ మీద సినిమా తీసిన కాలంలో నెగటివ్ మద్రాసు ల్యాబుల్లో భద్రంగా ఉండేది. దాన్నుంచి తీసిన రష్ ప్రింటును ఎడిటర్ మూవియోలా యంత్రం మీద నడిపి, కత్తిరించి, అతికించేవాడు. ప్రింటు మీద గీతలు పడినా, అతుకులు కనిపించినా ఎవరికీ బాధ లేదు. కూర్పు ఖాయమయ్యాక ఫిల్మ్ అంచున ఉండే నంబర్లు చూసి నెగటివ్‌ను అదే ప్రకారం కోసేవారు. ఆ అంచు నంబరు చేసిన పనే ఇప్పుడు టైమ్‌కోడ్ చేస్తోంది. ఒక్క తేడా ఉంది: నెగటివ్‌ను ఒకసారి కోస్తే కోసినట్టే, డిజిటల్ అసలుకు మాత్రం ఏ కత్తెరా తగలదు.

టైమ్‌లైన్ మీద ఈ ఫైలు బతుకంతా జె, కె, ఎల్ మీటల మధ్య గడిచింది. జె వెనక్కి నడుపుతుంది, కె ఆపుతుంది, ఎల్ ముందుకు నడుపుతుంది. మదనిక పాదం దగ్గర మొదలై ముఖం దాకా లేచే కెమెరా కదలికలో కట్ ఎక్కడ పడాలో తేల్చడానికి ఎడిటర్ అవే కొన్ని ఫ్రేములను మళ్లీ మళ్లీ తిప్పి చూశాడు. చివరికి నలభై సెకన్లలో ఏడు సెకన్లు మిగిలాయి. కథ నడక, షాటు నిడివి, మాటకూ బొమ్మకూ పొత్తు – వీటిని తేల్చడానికి ప్రాక్సీ నూటికి నూరుపాళ్లూ సరిపోతుంది.

సరిపోనివి కూడా ఉన్నాయి. మొదటిది ఫోకస్. అసలులోని నాలుగు పిక్సెళ్లు ఇక్కడ ఒకటవుతాయి కాబట్టి కాస్త తప్పిన ఫోకస్ కూడా ప్రాక్సీలో పదునుగానే కనిపిస్తుంది. రెండోది నాయిస్. నాలుగు పిక్సెళ్ల సగటు తీసినప్పుడు వాటిలోని గరుకు చాలావరకు చెల్లిపోతుంది. నల్లరాయి నీడను ప్రాక్సీ మీద పైకి లేపితే శుభ్రంగా లేస్తుంది. అంతే లేపితే అసలులో చుక్కలు చుక్కలుగా నాయిస్ తేలుతుంది. అందుకే కూర్పు ఖాయం చేసే ముందు ఎంచుకున్న షాట్లన్నీ ఒకసారి అసళ్లతో, పూర్తి సైజులో చూడటం మంచి గదుల్లో ఉన్న పద్ధతి.

కలర్ గ్రేడింగ్ దగ్గర ఈ ఫైలు పక్కకు తప్పుకుంటుంది. షాట్ల మధ్య వెలుగు సమం చేయడం, ఎరుపు ఎంత ఉండాలో ఒక అంచనాకు రావడం లాంటి తొలి పనులు ప్రాక్సీ మీద చేసుకోవచ్చు. ఇసుకరాయి ఎరుపును మాత్రమే విడదీసి మార్చాలన్నా, నీడల్లో నాయిస్ తగ్గించాలన్నా, అంచులకు పదును పెట్టాలన్నా అసలే కావాలి. ప్రోరెస్ ప్రాక్సీలో 10 బిట్ల రంగు ఉన్నా కుదింపు ఎక్కువ. చాలామంది వాడే 8 బిట్ల హెచ్.264 ప్రాక్సీలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 10 బిట్లలో 1024 ఉంటాయి. మెట్లు తక్కువైతే ఆకాశం మీద పట్టీలు పట్టీలుగా చారలు తేలతాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. లాగ్ బొమ్మకు రంగు తెచ్చే లట్‌ను ప్రాక్సీలోనే కలిపేస్తే, సాఫ్ట్‌వేర్‌లో అదే లట్ మళ్లీ పడినప్పుడు రంగు రెండింతలవుతుంది. అలా కలపకుండా, చూసేటప్పుడు మాత్రమే పైన వేసుకోవడం మేలు.

పెద్ద సినిమాల్లోనూ లెక్క ఇదే, అంకెలే పెద్దవి. 2015లో వచ్చిన ‘బాహుబలి: ది బిగినింగ్’ను కె.కె. సెంథిల్ కుమార్ అలెక్సా ఎక్స్‌టీ కెమెరాతో, ఎక్కువ భాగం సెన్సర్ మొత్తాన్నీ వాడే ఓపెన్ గేట్ ఆరీరా పద్ధతిలో తీశారు. ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు; రంగుల పని, అంటే డీఐ, హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో జరిగింది. ఓపెన్ గేట్ ఫ్రేములో 3414×2198 పిక్సెళ్లు, ఒక్కోదానికి 12 బిట్లు. అంటే ఫ్రేముకు 11 మెగాబైట్ల పైచిలుకు, గంట ఫుటేజీకి దాదాపు ఒక టెరాబైట్. అంత బరువును కట్ కోసం రోజంతా ముందుకూ వెనక్కూ తిప్పుతూ కూర్చోవడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

కూర్పు అయ్యాక అసళ్లను మళ్లీ కలపడాన్ని కన్‌ఫార్మ్ అంటారు. ఒకే సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తే ప్రాక్సీ నుంచి అసలుకు మారడం ఒక మీట నొక్కినంత పని. ఎడిటింగ్ ఒకచోట, గ్రేడింగ్ మరోచోట అయితే కట్‌ల వివరాలు ఎక్స్‌ఎంఎల్ గానో ఈడీఎల్ ఫైలుగానో వెళ్తాయి. అందులోని పేర్లు, టైమ్‌కోడ్‌లు చూసి సాఫ్ట్‌వేర్ అసళ్లను వెతికి పట్టుకుంటుంది. చివరి ఎక్స్‌పోర్ట్‌లో ప్రాక్సీ వాడాలా అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. అది ఆన్‌లో ఉంటే 4కే అని పేరున్న సినిమాలో హెచ్‌డీ బొమ్మ సాగదీసి ఉంటుంది.

సినిమా చేతికందాక అసళ్లను, ప్రాజెక్ట్ ఫైలును వేర్వేరు డిస్కుల్లో, వేర్వేరు చోట్ల దాచాలి. ప్రాక్సీలకు బ్యాకప్ అక్కర్లేదు. ఈ ఫైలును కూడా మిగతా ప్రాక్సీలతో కలిపి డిలీట్ చేశారు. డాక్యుమెంటరీకి ఇంకో కూర్పు అవసరమైతే అసలు నుంచి నిమిషాల్లో మరో ప్రాక్సీ పుడుతుంది. ప్రాక్సీ మిగిలి అసలు పోతే మాత్రం తిరిగి తెచ్చుకునే దారి లేదు.