పులుసుకు ఓడిన పాలరాయి

హైదరాబాద్ కోకాపేట టవర్లలో ఫ్లాట్ కొన్న కొందరికి వంటింటి గట్టు మీదా ఇటలీ పాలరాయే కావాలి. చూడ్డానికి పాలమీగడే. కానీ పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్. చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికిందంటే మెరుపు పోయి మచ్చ పడుతుంది. తుడిస్తే పోయే మరక కాదది, పులుపు రాయినే తినేసిన గుర్తు. చారు లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఆ తెలుపు ఎన్నాళ్లో!

ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ఓడలెక్కి దేశదేశాలకు పోతోంది. పులుసుకు అది చలించదు. అయితేనేం, మన దగ్గరి రాయి పరిస్తే గృహప్రవేశానికొచ్చిన వియ్యాలవారి ముందు పరువేం కావాలి?

ఇక గోడ లేని ఓపెన్ కిచెన్. పోపులో ఎండుమిర్చి పడగానే హాల్లో కూర్చున్నవాళ్లంతా తుమ్ముతారు. విరుగుడుగా గంటకు 1200 ఘనమీటర్ల గాలి లాగుతుందన్న చిమ్నీ తెస్తారు. దాని గొట్టాన్ని నాలుగు వంపులు తిప్పితే ఆ లాగుడు కాగితం మీదే మిగులుతుంది, మోత మాత్రం ఇంటినిండా.

ఈ తుమ్ములకు బిల్డర్ల దగ్గర మందుంది: వేపుళ్లకు, పోపులకు వెనకాల ఇంకో వంటిల్లు. ఆ చదరపు అడుగులకూ రేటు కట్టాల్సిందే.