రూపాయికి 48: ఒక రాగి నాణెం ఆత్మకథ

నేను 1794 నాటి రాగి నాణేన్ని. ఒక వైపు ఈస్టిండియా కంపెనీ రాజముద్ర, ఇంకో వైపు కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు. ‘రూపాయికి 48’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఏలూరు సర్కారు కూడా ఒకటిగా ఉన్న ఉత్తర సర్కారుల్లో చెలామణి కోసమే నన్ను ముద్రించారు గానీ, నా పుట్టుక మాత్రం బర్మింగ్‌హామ్ పక్కన, మాథ్యూ బౌల్టన్ పెట్టిన సోహో టంకశాలలో. అప్పట్లో ఇంగ్లండులో దొంగ రాగి నాణేల బెడద విపరీతం. ప్రతి నాణెం ఒకే కొలతతో, ఒకే బరువుతో, ఒకే అచ్చుతో ఆవిరి యంత్రం నుంచి వస్తే దొంగది ఇట్టే దొరికిపోతుందని బౌల్టన్ వాదన. ఆ వాదనకు పుట్టిన బిడ్డను కాబట్టే, ఇప్పుడు ఫోన్లలో నన్ను వేలానికి పెట్టేవాళ్ల గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

నేను చెప్పేది ఒక్కటే: నాణెంతో పాటు వచ్చే కథ మీ భద్రతను పెంచదు, తగ్గిస్తుంది. ‘కొల్లేరులో చేపల చెరువు తవ్వుతుంటే బయటపడింది’, ‘తాడేపల్లిగూడెంలో పాత పెంకుటిల్లు పడగొడితే గోడలో దొరికింది’ అని రాస్తే పాట పెరుగుతుందని అమ్మేవాడి ఆశ. ఆ మాట అబద్ధమైతే మీరు అబద్ధాలకోరుతో బేరమాడుతున్నట్టు. నిజమైతే ఇంకా చిక్కు. భూమిలో గానీ, దానికి అంటి ఉన్న గోడల్లాంటివాటిలో గానీ దాగి, పది రూపాయలకు మించి విలువ చేసేది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. తెలియజేయని సొత్తు కొన్నవాడికి రేపు దాన్ని తిరిగి అమ్ముకునే దారి కూడా సరిగా ఉండదు. పైగా రెండు వందల ఏళ్లు చెరువు బురదలో నానిన రాగికి పచ్చటి చిలుము పడుతుంది, ఒళ్లంతా గుంటలవుతుంది. ఫొటోలో తళతళలాడుతుంటే కథైనా తప్పు, లేదా ఎవరో చింతపండుతో తోమి నా విలువ సగం తీసేసి ఉండాలి.

నాణెం దొరికిన పేదవాడికి నాలుగు డబ్బులు వస్తే తప్పేమిటి అంటారు కొందరు. ఆ సానుభూతి మంచిదే. కానీ అదే చట్టంలో దొరికినవాడికి వాటా ఉంది. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలని కూడా ఉంది. రహస్యంగా అమ్మినప్పుడు పేదవాడికి దక్కేది మధ్యవర్తి విసిరేసిన చిల్లరే.

కథ వద్దంటే మరి దేన్ని నమ్మాలి? కొల్లేరు పక్క చెరువు లీజుకు పాట పాడేవాళ్లు గట్టు చుట్టూ తిరిగి లోతు, నీటి దారి చూడకుండా అంకె చెప్పరు. నా విషయంలో ఆ గట్టు తిరగడమంటే త్రాసు మీద పెట్టి తీసిన ఫొటో, అడ్డుకొలత, అంచు, రెండు ముఖాలు. నేను సుమారు 13 గ్రాములు, అడ్డంగా 30 మిల్లీమీటర్లు ఉంటాను. నా రకం యంత్రపు నాణేలకు ఈ పరీక్ష చాలావరకు సరిపోతుంది. పెదవేగి పరిసరాలను ఏలిన విష్ణుకుండినుల సింహం, శంఖం నాణేలకు మాత్రం సరిపోదని ఒప్పుకోవాలి. అవి ఒకదానిలా ఒకటి ఉండవు, దొంగ చేతికి అది వాటం. అలాంటివాటికి పాత వేలంలో ఫొటోతో సహా అమ్ముడైన రికార్డు, లైసెన్సు ఉన్న వ్యాపారి బిల్లు ఉండాల్సిందే. నూరేళ్లు దాటిన నాణేలను 1972 నాటి పురావస్తు చట్టం పురావస్తువులుగానే లెక్కిస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. అమెరికా సంస్థలు గ్రేడు వేసి ప్లాస్టిక్ పెట్టెలో మూసిచ్చినవి ఉంటాయి కదా అనవచ్చు. పెట్టెకూ నకిలీలున్నాయి, కాబట్టి దాని మీది నంబరును ఆ సంస్థ సైటులో వెతికి ఫొటోతో పోల్చాలి. నాబోటి సామాన్యుడికైతే ఆ గ్రేడింగు ఖర్చే నా ధరను మించిపోతుంది.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది 1818 సంవత్సరం వేసి, సీతారాములనో ఆంజనేయుణ్ణో ముద్రించి, కంపెనీ అర్ధణా అని అమ్మే రాగి బిళ్లలను చూసినప్పుడు. మద్రాసు కంపెనీ బంగారు వరహాల మీద దేవుడి బొమ్మ ఉన్నమాట నిజమే, ఆ నిజం చాటునే ఈ అబద్ధం చెలామణి అవుతోంది. కంపెనీ ఎన్నడూ అలాంటి అర్ధణా వేయలేదు. ‘ఇది బియ్యాన్ని లాగుతుంది’ అని లక్షలు గుంజే రైస్ పుల్లింగ్ ముఠాలు ఈ బిళ్లల వెనకే వస్తాయి. అమ్మేవాళ్లకూ వల ఉంది. పాత నాణెం కొంటామని చెప్పి, రిజర్వు బ్యాంకు పేరు, ముద్ర చూపించి, ముందుగా కమీషనో పన్నో కట్టమంటారు. అలాంటి లావాదేవీలతో తనకు సంబంధం లేదని, ఏ రుసుమూ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

పాట మొదలుకాక ముందే మీ పైఅంకె రాసుకోండి. కొనుగోలుదారు కమీషను, జీఎస్టీ, తపాలా ఖర్చు అందులోనే ఇమడాలి. తిరిగి తీసుకునే షరతు రాతలో లేకపోయినా, వ్యక్తిగత ఖాతాకు ముందే డబ్బు వేయమన్నా వెనక్కి వచ్చేయండి. పోతే మళ్లీ దొరకదన్న తొందర నా విషయంలో అనవసరం. 1794 నాటి 48వ వంతులు అంత అరుదేం కాదు.