ఇస్తే పోయేదేముంది?

మన దేశంలో వైద్యానికి ఆధారాలు కరువని ఎవరన్నారు? బోలెడున్నాయి. వాటికి అపాయింట్‌మెంటే దొరకదు.

కరోనా నాటి ప్లాస్మా సంగతే చూడండి. కోలుకున్నవారి ప్లాస్మా తీసి రోగికి ఎక్కిస్తే గుణం కనిపిస్తుందా? తేల్చడానికి సాక్షాత్తూ భారత వైద్య పరిశోధన మండలే నడుం కట్టింది. 39 ఆసుపత్రులు, ఓ మోస్తరు జబ్బుతో ఉన్న 464 మంది. ఎవరికి ప్లాస్మా, ఎవరికి మామూలు వైద్యం మాత్రమే అన్నది లాటరీ పద్ధతిన తేల్చారు. జబ్బు ముదిరినవారు, చనిపోయినవారు కలిపి ప్లాస్మా జట్టులో 19 శాతం, రెండో జట్టులో 18. 2020 అక్టోబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని అచ్చేసింది.

మరి కరోనా చికిత్స మార్గదర్శకాల్లోంచి ప్లాస్మా పోయిందా? అంత తొందరేం! 2021 ఏప్రిల్‌లో, సెకండ్ వేవ్ ఉధృతంగా ఉండగా వెలువడిన జాతీయ మార్గదర్శకాల్లోనూ భద్రంగా ఉంది. ఉన్న కొద్దిపాటి ఆధారాలను బట్టి వాడుకోవచ్చట. ఆ కాగితం మీదా అదే మండలి పేరు! కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. పరిశోధనకూ ఆ నియమమే వర్తింపజేసినట్టున్నారు.

ఇక రోగి బంధువుల పాట్లు. ‘ఏబీ పాజిటివ్ ప్లాస్మా, అర్జెంట్’ అంటూ వాట్సాప్ స్టేటస్‌లు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు అర్ధరాత్రి ఫోన్లు, దణ్ణాలు. నిజంగా పనిచేస్తుందా అని డాక్టర్ని అడిగితే, ‘‘ఇస్తే పోయేదేముందండీ?’’ ఆయనకేం, గైడ్‌లైన్‌లో ఉంది. పోయేదేమిటో తెలిసింది అప్పు చేసి తెచ్చినవాడికే.

2021 మే 14న బ్రిటన్ వాళ్ల ‘రికవరీ’ ట్రయల్ ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. 11 వేల పైచిలుకు రోగులు, తీర్పు మాత్రం అదే. మే 17న మన జాబితాలోంచి ప్లాస్మా మాయం! అంతకుముందే మన డాక్టర్లు, శాస్త్రవేత్తలు కొందరు ప్లాస్మా విషయమై కేంద్రానికి ఉత్తరం రాసిన మాటా నిజమే. అయినా లెక్క లెక్కే: మన పరిశోధన తర్వాత దాదాపు ఏడు నెలలు, బ్రిటన్ పరిశోధన తర్వాత మూడు రోజులు. కాకతాళీయమే అనుకుందాం.

ఆ నెల 31నే, కరోనాకంటూ కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే నాటుమందుకు, కంటి చుక్కలు మినహా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. తగ్గిస్తుందన్న రుజువు లేదు, హాని చేస్తుందన్న రుజువూ లేదు, కనుక కానివ్వండి. నాటుమందని నవ్వినవారు ఢిల్లీ కాగితాన్నీ ఒకసారి తిరగేయాల్సింది.

మార్గదర్శకాలు రాసే పెద్దలకు ఒక్క విన్నపం. ప్రతి మందు పక్కనా దాని ఆధారం ఏమిటో, ఏనాటిదో రాయండి. ఆధారం చెల్లదని తేలాక ఎన్నాళ్లలో దాన్ని కొట్టేస్తారో ఆ గడువూ రాయండి.