బిడ్డనెవరు చూస్తారమ్మా?

మన ఊరి పెద్దలకు పసిపిల్లల మీదున్న ప్రేమ చూడాలంటే ఒక చంటిబిడ్డ తల్లి వార్డు మెంబరుగా నిలబడతానని చెప్పి చూడాలి. ఆ క్షణం నుంచి ఊరంతా ఆ బిడ్డకు మేనమామలే. "పాలు మానని పిల్లను పెట్టుకుని నీకెందుకమ్మా ఈ గోల? బిడ్డనెవరు చూస్తారు?" అదే బిడ్డ తండ్రి నామినేషన్ వేస్తే మేనమామలు ఒక్కరూ కనపడరు. బిడ్డనెత్తుకుని నవ్వుతున్న ఫొటో దిగి ఫ్లెక్సీ కూడా కట్టించుకుంటాడు. ఫొటో అవగానే బిడ్డ తిరిగి తల్లి చంకకే చేరుతుంది, ఫ్లెక్సీలో అది పడదు.

సీటు మహిళకు రిజర్వయిందా, జాలి అంతా ఆవిరి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం పదవులు మహిళలవి కదా! అదే పెద్దలు అదే గడప తొక్కుతారు. "భయపడకమ్మా, సంతకం పెడితే చాలు. మిగతాది మావాడు చూసుకుంటాడు." మరి బిడ్డ? "ఇంట్లోనే ఉంటావు కదమ్మా!" తల్లులకు మనమిచ్చే మద్దతు పూర్తి పాఠం ఇదే: బిడ్డ ఆమెకు, కుర్చీ ఆయనకు.

ఆ కుర్చీ దగ్గరి దృశ్యం కూడా మీరు చూసే ఉంటారు. పెద్ద కుర్చీలో సర్పంచి గారి భర్త, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సర్పంచి, ఒళ్లో పిల్లాడు. కార్యదర్శి తీర్మానాల పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాడు. పిల్లాడు పెన్ను లాక్కున్నాడు. "సార్, బాబును కాస్త పట్టుకుంటారా?" సారు ఫోన్లో ఉన్నారు, ఊరి రోడ్డు గురించి మాట్లాడుతున్నారు.

సర్కారు మాత్రం పిల్లల్ని పట్టించుకోలేదనడానికి వీల్లేదు. లెక్కపెట్టింది. ఇద్దరికి మించి ఉంటే పోటీకి అనర్హులని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం. జనం తగ్గిపోతున్నారని ఇప్పుడు బెంగ పట్టుకుంది. ఇద్దరికంటే ఎక్కువమంది ఉన్నవాళ్లకే పోటీ అర్హత ఉండేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందని 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబే అన్నారు. ఆ మరుసటి నెలలో శాసనసభ పాత నిబంధనను ఎత్తేసింది. ముప్పై ఏళ్లు మూడో బిడ్డ నేరం, ఇక మీదట దేశసేవ. ఆ ముగ్గురినీ ఇంట్లో వదిలి తల్లి ప్రచారానికి ఎలా వెళ్లాలన్నది మాత్రం అప్పుడూ లెక్కలో లేదు, ఇప్పుడూ లేదు. అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ప్రచారం జోరందుకునేది పొద్దు వాలాక. అప్పటికి అంగన్‌వాడీకి తాళం పడుతుంది.

పోనీ, అసెంబ్లీకో పార్లమెంటుకో నిలబడి బిడ్డను చంకనేసుకుని తిరుగుదామంటే కేంద్ర ఎన్నికల సంఘం ఉంది. అభ్యర్థులు పిల్లల్ని ఎత్తుకుని ప్రచారం చేయరాదని 2024 ఫిబ్రవరిలో ఆదేశించింది. పరాయి పిల్లల బుగ్గలు గిల్లి ఓట్లడిగే నాయకులకు అది తగిన శాస్తే. ప్రచారంతో సంబంధం లేని తల్లి బిడ్డతో నాయకుడి దగ్గర్లో ఉంటే తప్పులేదని మినహాయింపు కూడా ఇచ్చింది. ఆ తల్లే నాయకురాలైతే? ఆ ఊహే వచ్చినట్టు లేదు.

అమెరికాలో ల్యూబా గ్రెచెన్ షర్లీ అనే అభ్యర్థికి ఇద్దరు చిన్నపిల్లలు. ప్రచార విరాళాల్లోంచి ఆయాకు జీతం ఇవ్వొచ్చా అని అక్కడి ఎన్నికల కమిషన్‌ను అడిగింది. 2018లో ఇవ్వొచ్చన్నారు. మన దగ్గర ఖర్చుల లెక్కలో టీ రాస్తాం, టిఫిను రాస్తాం, కుర్చీల అద్దె, షామియానా, పూలదండ కూడా రాస్తాం. బిరియానీ అయితే రాసినదానికంటే ఎక్కువే వడ్డిస్తాం. ఆయా జీతం ఏ గడిలో రాయాలని అడిగితే నవ్వుతారు.

ఈసారి ఎన్నికలకు మీ వీధిలోకి ఒక తల్లి చంటిబిడ్డతో ఓటడగడానికొస్తే, "బిడ్డనెవరు చూస్తారమ్మా?" అని మాత్రం అడగకండి. ఆమె మాట్లాడే అయిదు నిమిషాలూ ఆ బిడ్డను మీరే ఎత్తుకోండి. ఓటంటారా, అది మీ ఇష్టం.