సాక్షి స్వామి ఊళ్లో బిట్ల పంట

మా మేనల్లుడు రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి న్యాయదేవత కళ్లకున్న గంతలు విప్పుతాడు. నాలుగుంబావుకి ఆమె చేతిలో కత్తి లాక్కుని రాజ్యాంగం పెడతాడు. నాలుగున్నరకి చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగి ఆ చోటుకి శివశక్తి అని పేరు పెడతాడు. అయిదింటికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్లు వెళ్లి, ఆరింటికల్లా కాఫీకి తిరిగొస్తాడు. ఇదంతా పొన్నూరులో, మా వసారాలో, లుంగీ మీద.

వాడిది గ్రూప్-2. చేతిలో ఉన్నది కరెంట్ అఫైర్స్ బిట్ల పుస్తకం. మా ఊరి చుట్టూ ధాన్యం పండుతుంది, కాస్త దూరం పోతే పత్తి, మిర్చి పండుతాయి. వాటి ధర ఏ యార్డులో ఏ పూట పడిపోతుందో బ్రహ్మకి కూడా తెలీదు. ఏ కాలంలోనూ ధర తగ్గని పంట మాత్రం బిట్లు. విత్తనం ఢిల్లీలోనో శ్రీహరికోటలోనో పడితే చాలు, వారం తిరక్కుండా ఐలాండ్ సెంటర్లో జిరాక్సు కొట్టు ముందు కోతకొస్తుంది. చీడ లేదు, తెగులు లేదు. పరీక్ష అయిన మర్నాడు ప్రతి కోచింగ్ సెంటరూ ఫ్లెక్సీ కడుతుంది, ప్రశ్నపత్రంలో ఇన్ని ప్రశ్నలు మా పుస్తకంలోవే అని. ఆ ఫ్లెక్సీలన్నీ కూడితే 150 ప్రశ్నల పేపర్లో వెయ్యి ప్రశ్నలు వచ్చి ఉండాలి.

ఈ నెల సంచికలో రెండు అధ్యాయాలు బాగా బలిసి ఉన్నాయి: న్యాయ సంస్కరణలు, అంతరిక్షం. మొదటిది భూమ్మీద కదలనిది, రెండోది భూమ్మీద నిలవనిది. రెంటినీ ఒకే తాటితో కట్టి, నాలుగు ఆప్షన్లుగా నరికి అమ్ముతున్నారు.

న్యాయదేవతతోనే మొదలెడదాం. సుప్రీంకోర్టు జడ్జీల గ్రంథాలయంలో కొత్త విగ్రహం పెట్టారని 2024 అక్టోబరులో అన్ని పేపర్లూ రాశాయి. గంతల్లేవు, కత్తి లేదు, కత్తి ఉండాల్సిన చేతిలో రాజ్యాంగం. కత్తి స్థానంలో ఏమిటి అన్నది ఒక బిట్టు. ఏ నెలలో అన్నది ఇంకో బిట్టు. "గంతలు తీశాక ఆవిడకి ఏం కనపడిందిరా?" అని అడిగాను. వాడు పేజీ తిప్పి చూసి, "ఇందులో ఇవ్వలేదు మావయ్యా" అన్నాడు. దేశంలో పెండింగు కేసులు 5 కోట్ల పైచిలుకు అన్నది మాత్రం ఇచ్చారు, తర్వాతి పేజీలో, వేరే బిట్టుగా. ఈ రెండు పేజీలకీ మధ్య చుట్టరికం ఉందని ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తుల వరస. 48వ వారు జస్టిస్ ఎన్.వి. రమణ, పొన్నవరం మనిషి, ఇక్కడికి దగ్గర్లోని నాగార్జున విశ్వవిద్యాలయంలోనే లా చదువుకున్నారు. 2021 ఏప్రిల్లో ఆయన ప్రమాణం చేశారు. 2025 నవంబరులో జస్టిస్ సూర్యకాంత్ వచ్చేసరికి అంకె 53. అయిదేళ్లు తిరక్కుండా ఆరుగురు. ఇందులో 49వ వారు జస్టిస్ లలిత్ ఆ కుర్చీలో ఉన్నది 74 రోజులు. మా మాగాణిలో వరి కోతల సమయంలో చల్లే మినుము చేతికి రావడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. ఒక్క మినుము కారులో ఏ సంస్కరణ మొలవాలి, ఎప్పుడు పూయాలి, ఎప్పుడు కాయాలి అన్నది ఆలోచించాల్సిన విషయమే. బిట్ల రైతుకి ఆ బాధ లేదు. మనిషి మారినప్పుడల్లా ఆయనకి కొత్త కాపు.

జడ్జీల నియామకాల కమిషన్ సంగతి ఇంకా బావుంటుంది. 99వ రాజ్యాంగ సవరణ, 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు కొట్టివేత, 4-1 తీర్పు. ఆ ఒక్కరూ ఎవరు? మావాడు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు: జస్టిస్ చలమేశ్వర్, కృష్ణా జిల్లా. "ఆయన ఎందుకు కాదన్నాడ్రా?" అంటే నా వైపు జాలిగా చూశాడు. "ఎందుకు అనేదానికి ఆప్షన్లు ఇవ్వరు మావయ్యా."

కొలీజియం గదిలో ఏం జరుగుతుందో బయటివాళ్లకి తెలియదన్నది ఆయన పోరు. మరుసటేడు ఆ సమావేశాలకి వెళ్లడం కూడా మానేశారు, మాట్లాడింది కాగితం మీద పెట్టమని. తలుపేసుకుని జడ్జీలే జడ్జీలను ఎంచుకోవడం మంచిదా, ప్రభుత్వం ఆ గదిలోకి కాలు పెట్టడం మంచిదా అని రాత్రంతా తగువులాడుకోవచ్చు. రేపు ఈ కుర్రాడు తహసీల్దారు కచేరీలో కూర్చున్నాక ఇలాంటి తగువులే వాడి బల్ల మీదికొస్తాయి. పరీక్ష మాత్రం వాణ్ని అడిగేది ఆ గదిలో కుర్చీలెన్ని అని.

కొత్త చట్టాలు మూడు, 2024 జూలై 1 నుంచి అమలు. శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుండేవి, భారతీయ న్యాయ సంహితలో 358. నాగరిక్ సురక్షా సంహితలో 531. 302 పోయి 103 వచ్చింది, 420 పోయి 318 వచ్చింది. మావాడు ఎడమవైపు పాతవి, కుడివైపు కొత్తవి రాసి గోడకి అంటించాడు. ఎక్కాల బోర్డు లాగుంది. ఆ 531లో 398వది ఒకటుంది. సాక్షులను కాపాడే పథకం ప్రతి రాష్ట్రమూ తయారు చేసి తీరాలని చెబుతుంది. దీన్ని వాడు నాకు వినిపించినప్పుడు నవ్వాగలేదు, ఎందుకంటే మేముంటున్నది సాక్షి భావనారాయణ స్వామి ఊళ్లో.

మా స్థలపురాణం తెలియనివారి కోసం: కాశీలో పిల్లనిస్తానని మాటిచ్చిన ఒక పెద్దమనిషి ఊరికొచ్చాక అడ్డం తిరిగాడట. మాటిచ్చినప్పుడు విన్నది దేవుడొక్కడే. ఆయన ఎవరి సమన్లకీ ఎదురుచూడకుండా పొన్నూరు దాకా వచ్చి సాక్ష్యం చెప్పి, ఇక్కడే ఉండిపోయాడు. ఒక్క సాక్షి, ఒక్క పేషీ, తీర్పు. వాయిదా లేదు. సాక్షి మాట మార్చలేదు. ఇప్పుడైతే స్వామి కాశీ నుంచే వీడియోలో కనపడవచ్చు, కొత్త చట్టంలో ఆ వీలుంది, కరెంటు ఉంటే. బిట్ల పుస్తకంలో మా స్వామి ఉన్నాడు కూడా, దేవాలయాల అధ్యాయంలో: పంచ భావనారాయణ క్షేత్రాల్లో లేనిది ఏది, ఎ, బి, సి, డి. సాక్ష్యం సంగతి లేదు.

ఇక అంతరిక్షానికి పోదాం, అక్కడైనా గాలి ఆడుతుందేమోనని.

శ్రీహరికోట ఏ జిల్లాలో ఉంది? 2022 ఏప్రిల్ 4కి ముందు రాసినవాడికి నెల్లూరు ఒప్పు, తర్వాత రాసినవాడికి తిరుపతి ఒప్పు. దీవి అంగుళం కదల్లేదు, జిల్లానే ఎగిరిపోయింది. రాకెట్టు చేయలేని పని రెవెన్యూ శాఖ చేసింది. అదే రోజు మా పక్కనున్న బాపట్ల జిల్లా అయి కూర్చుంది, మేం గుంటూరులోనే మిగిలాం. దాని మీదా బిట్టుంది.

అంతరిక్షంలోకి వెళ్లిన తొలి తెలుగు మహిళ ఎవరు? బండ్ల శిరీష, మూలాలు మా గుంటూరు జిల్లా, 2021 జూలై 11. ఇంతవరకూ గర్వమే. ఆమె ఎక్కిన నౌక వెళ్లిన ఎత్తు సుమారు 86 కిలోమీటర్లు. అమెరికావాళ్ల లెక్కలో 80 దాటితే అంతరిక్షం. వైమానిక రికార్డులు రాసే అంతర్జాతీయ సమాఖ్య లెక్కలో 100 దాటాలి. అంటే అంతరిక్షానికీ పొలాల్లాగే సరిహద్దు తగాదా ఉంది, సర్వే రాళ్లు రెండు చోట్ల పాతి ఉన్నాయి. ఎంత చక్కటి ప్రశ్న ఇది! ఆకాశం ఎక్కడ అయిపోతుంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అని పిల్లల్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడొచ్చు. పుస్తకంలో ఉన్నది పేరూ తేదీ.

ఆదిత్య-ఎల్1 అయితే నా కడుపు మండిన కథ. 2023 సెప్టెంబరు 2న పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద వెళ్లింది, 2024 జనవరి 6న తన చోటుకి చేరింది, దూరం 15 లక్షల కిలోమీటర్లు. మూడు మార్కులు. "ఎల్1 అంటే ఏందిరా?" అన్నాను. "లగ్రాంజ్ పాయింట్ మావయ్యా." "అంటే?" "అంటే ఎల్1."

కావిడి మోసేవాడు బరువెక్కువున్న వైపుకి భుజం జరుపుతాడు. ఇక్కడ తిరగబడింది. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ చోటు తేలికైన భూమి పక్కనే ఉంది. ఎందుకంటే అది కావిడి కాదు, కోడె. సూర్యుడికి దగ్గరగా తిరిగేది ఏదైనా భూమి కంటే వేగంగా ఉరికి, ఏడాదికి ముందే చుట్టు పూర్తి చేస్తుంది. సరిగ్గా ఆ దూరంలో మాత్రం భూమి పలుపు పట్టుకుని వెనక్కి లాగుతుంటుంది. దాంతో ఉరుకు తగ్గి, మనతో పాటే ఏడాదికి ఒక్క చుట్టు వేస్తుంది. అందుకే ఆ వ్యోమనౌక ఎప్పుడూ మనకీ సూర్యుడికీ మధ్యనే ఉంటుంది, గ్రహణం అడ్డం రాకుండా చూస్తుంటుంది. ఇదంతా చెబితే మావాడు శ్రద్ధగా విని, "బావుంది మావయ్యా, కానీ దీనికి మార్కుల్లేవు" అన్నాడు. వాడికి కోపం లేదు, నాకే.

శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం: 2025 జనవరి 29, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15, ఎన్‌వీఎస్-02. ఈ బిట్టు ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీలో నిలబడి ఉంది. రాకెట్టు పని రాకెట్టు చేసింది. పైకెళ్లాక ఇంజనుకి ఆక్సిడైజరు వదలాల్సిన వాల్వు తెరుచుకోలేదు, ఉపగ్రహం అనుకున్న కక్ష్య అందుకోలేదు. ఫుట్‌వాల్వు బిగుసుకుంటే మడి ఎండుతుందని మా ఊళ్లో చదువుకోని రైతుకీ తెలుసు, ఆ రైతుకి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. బిట్లలో మాత్రం వాల్వు లేదు. 101వది, 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61, మూడో దశలో చెడింది. దానికి మూల ఒక చిన్న గీత. గెలిచినవాటికి తేదీలు, ఓడినవాటికి మౌనం. ఓటమి నుంచి నేర్చుకోవాల్సింది ఇస్రో ఒక్కటేనట, దాని మీద పరీక్ష రాసేవాళ్లు కాదట.

అసలు తమాషా ఇది కాదు. న్యాయ సంస్కరణలు చదువుతున్న ఈ పిల్లలు ఎదురుచూస్తున్నది కోర్టుల కోసమే. 2018 నాటి మా గ్రూప్-1 మెయిన్స్‌ని మూల్యాంకనం సరిగా జరగలేదని 2024 మార్చిలో హైకోర్టు సింగిల్ జడ్జి రద్దు చేశారు, డివిజన్ బెంచి దాని మీద స్టే ఇచ్చింది. అప్పటికే అందులో నెగ్గినవాళ్లు అధికారులైపోయి సంతకాలు పెడుతున్నారు. పక్క తెలంగాణలో 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ ఒకసారి పేపరు లీకై రద్దయింది, మళ్లీ పెడితే 2023 సెప్టెంబరులో వేలిముద్రలు తీసుకోలేదని హైకోర్టు రద్దు చేసింది, నోటిఫికేషనే మార్చి మళ్లీ పెడితే 2025 సెప్టెంబరు 9న ఫలితాలు పక్కన పెట్టమన్నారు, అదే నెలలో డివిజన్ బెంచి ఆగమంది. మావాడి గ్రూప్-2 మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. రిజర్వేషన్ల రోస్టర్ తగాదాతో ముందు రోజు వాయిదా వేయమని ప్రభుత్వం లేఖ రాసింది, కుదరదని కమిషన్ అంది. ఆ రాత్రి ఏ బిట్టు చదవాలో తెలియక వాడు బస్టాండులో కూర్చున్నాడు. చదివే కరెంట్ అఫైర్స్‌లో వాడే ఒక అఫైరు.

తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోస్తారు వాళ్లకి. ఈ పద్ధతి వాయిదాకి మూడో వంతు ఫీజు చొప్పున ఇంకెవరికైనా పెడితే ఎట్టా ఉంటుందోనని ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించడానికి నెగెటివ్ మార్కుల్లేవు.

మా ఊరి నిడుబ్రోలు స్టేషన్లో తెనాలి వైపు ప్యాసింజరెక్కితే కాసేపటికి చుండూరు వస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితులు అడిగింది, విచారణ మా ఊళ్లోనే జరపండి అని. పోరాడి సాధించారు, నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కూర్చుంది. దేశంలో ఎవరైనా న్యాయ సంస్కరణ అనే మాట నిజంగా వాడాలంటే దీనికి వాడాలి. తీర్పు 2007 జూలై 31న వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది.

ఇది నీ పుస్తకంలో ఏ పేజీలో ఉందని మావాణ్ని అడిగాను. మూడు పుస్తకాలు తిరగేశాడు. పాపం, నిజంగానే వెతికాడు.

"అది కరెంట్ అఫైర్స్ కిందికి రాదు మావయ్యా. స్టాటిక్ జీకే."

నాకూ ఒక గట్టు దావా ఉంది, మా నాన్న హయాం నుంచి. ఏ కోర్టులోనో చెప్పను. కోర్టు ధిక్కారానికి ఆరు నెలల జైలు, 2,000 రూపాయల జరిమానా అన్న బిట్టు నేనూ చదివాను. కిందటి పేషీకి మావాడే బండి మీద తీసుకెళ్లాడు. నేను లోపలికెళ్లి వచ్చేదాకా చెట్టుకింద చదువుకుంటూ కూర్చున్నాడు.

"ఏమైంది మావయ్యా?"

"వాయిదా."

వాడి కళ్లు వెలిగాయి. "సివిల్ ప్రొసీజర్ కోడ్, 17వ ఆర్డరు. ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించకూడదు. ఆప్షన్ బి." ఒక్క క్షణం ఆగి, "నీకిది ఎన్నోది?" అన్నాడు.

వాడు బండి స్టార్టు చేశాడు. నేను వెనక కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టాను. ఐలాండ్ సెంటరు వచ్చేసరికి రెండు చేతులూ అయిపోయాయి. మిగతావి వాడి వీపు మీద గీసుకుంటూ వచ్చాను.