అర్రే గారు

మాదాపూర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్లినా ఇలాంటి ఆయన ఒకరు తగులుతారు. మనకు ఫోటో కనిపించే చోట ఆయనకు అంకెలు కనిపిస్తాయి. కొత్తగా పుట్టిన పాప ఫోటో చూపించి "ఎవరి పోలికండీ?" అని అడిగి చూడండి. "షేపెంత?" అంటారు. పైథాన్‌లో నంపై అర్రేలే, అంటే అంకెల పట్టికలే, ఆయన లోకం కాబట్టి ఆఫీసులో ఆయన అర్రే గారు. బొమ్మ తెర మీదికి రాగానే ఆయన నోట వచ్చే మాట కూడా అదే: "అర్రె!"

అంకెల్ని బొమ్మగా చూపించడమే ఆయన పని, చెప్పుకోవడానికి తేలికే. నలుపు తెలుపు బొమ్మంటే వరసల్లో పేర్చిన అంకెలు. 0 అయితే కటిక నలుపు, 255 అయితే తెలుపు. మొన్న ఆయన అంకెలన్నీ 0కీ 1కీ మధ్య దశాంశాలు. 255తో గుణించడం మరిచి తిన్నగా దశాంశాలు పట్టని యూఇంట్8 రకంలోకి మార్చేశారు. 0.97 కూడా సున్నా అయి కూర్చుంది. అరగంట సేపు నల్లటి తెరలో తన మొహమే చూసుకుని, చివరికి మానిటర్ కేబుల్ పీకి మళ్లీ పెట్టారు.

మర్నాడు ఇంకో ఫోటోకి వెలుతురు పెంచుదామని ప్రతి అంకెకూ 10 కలిపారు. యూఇంట్8 పాత స్కూటర్ మీటరు లాంటిది, 255 దాటితే మళ్లీ సున్నా నుంచే. 250 కాస్తా 4 అయింది. తెల్లపంచె మామగారు బొగ్గుపంచెలో తేలారు.

బావమరిదిని పెళ్లికొడుకుని చేసిన ఫోటోది ఇంకో కథ. ఓపెన్‌సీవీతో తెరిచి మాట్‌ప్లాట్‌లిబ్‌తో చూపించారు. మొదటిది రంగుల్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో ఇస్తుంది. రెండోది ఎరుపే ముందుందనుకుంటుంది. ఒళ్లంతా పసుపు పూసుకున్న పిల్లాడు పౌరాణిక సినిమా కృష్ణుడిలా లేత నీలంగా మెరిశాడు. నుదుటి కుంకుమ సిరాచుక్క. "వీడికి ఊపిరాడుతోందా?" అని అత్తగారు కంగారు పడ్డారు.

ఎగతాళి చేస్తే మాత్రం 1965 జులైకి తీసుకుపోతారు. మ్యారినర్ 4 వ్యోమనౌక అంగారకుడి ఫోటోలు పంపుతోంది. ఫోటోకి 200 వరసలు, వరసకి 200 చుక్కలు, చుక్కకో అంకె, 0 నుంచి 63 వరకు. కాలిఫోర్నియాలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీర్లు కంప్యూటర్ బొమ్మ కట్టేదాకా ఆగలేకపోయారు. అంకెలు అచ్చయిన కాగితపు పట్టీల్ని పక్కపక్కనే అతికించి, రంగు సుద్దలు కొనుక్కొచ్చి, ఏ అంకెకు ఏ రంగో చూసుకుంటూ చేత్తో దిద్దారు. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త వణుకుతుంది. అప్పుడు నవ్వబుద్ధి కాదు.

సంక్రాంతికి ఇంటికెళ్లారు. వాకిట్లో అమ్మ పెద్ద ముగ్గు మొదలుపెట్టింది. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అంది. ఆయన ల్యాప్‌టాప్ తెరిచారు. వరసకో లెక్కంటే నంపై ఒప్పుకోదు, ఎర్రక్షరాల్లో తిట్టింది. పట్టు వదలకుండా మొత్తం చుక్కలు లెక్కేశారు. 169. అంటే పదమూడు పదమూళ్లు! వరసకి పదమూడు చొప్పున పేర్చమని రీషేప్ కొట్టారు, ఎర్రర్ లేదు. ల్యాప్‌టాప్ ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తారు.

అమ్మ చేతులు దులుపుకుని తెర వంక తేరిపార చూసింది.

"ఏంట్రా ఇది, గళ్ల తువ్వాలా?"